పాత స్పిన్నింగ్ రీళ్లు: కొనేముందు ఏం చూడాలి, అమ్మేముందు ఎంతవరకు విప్పాలి

స్పిన్నింగ్ రీలు అంటే చేపలు పట్టే గాలపు కర్రకు (రాడ్) బిగించి గాలపు దారాన్ని (లైను) చుట్టే పరికరం. వయసును చూసి పాత రీలుకు ధర కట్టేవాళ్లు ఎక్కువగా నష్టపోతారు. మిచెల్ 300నే తీసుకోండి. ఫ్రాన్స్‌లోని క్లూజ్ పట్టణంలో కార్పానో ఎ పోన్స్ కంపెనీ దాన్ని లక్షల్లో తయారుచేసింది. అమెరికాలో గార్సియా పేరుతో అంతే జోరుగా అమ్ముడైంది. అందుకే అరవై ఏళ్ల నాటిదైనా అది అరుదైన వస్తువు కాదు, కావలసినన్ని దొరుకుతాయి. అంకె లేకుండా ఒట్టి ‘మిచెల్’ అన్న పేరుతో వచ్చిన తొలినాటి రీళ్లు, వాటిలోనూ పూర్తి బెయిల్ (లైనును పట్టి చుట్టే తీగ వంపు) బదులు సగం బెయిల్ ఉన్నవి మాత్రం వేరే లెక్క. స్వీడన్‌లోని స్వెంగ్‌స్టాలో ఆబు కంపెనీ చేసిన కార్డినల్ 3, 33 లాంటి చిన్న రీళ్లకు వయసు తక్కువైనా గిరాకీ ఎక్కువ. జపాన్‌లో వాగుల్లో చేపలు పట్టేవాళ్లు వాటిని ఎంత ఇష్టపడతారంటే, అక్కడి మార్కెట్ కోసం 33ను మళ్లీ తయారుచేశారు. కాబట్టి ‘కార్డినల్ 33, కొత్తగా ఉంది, పెట్టెతో సహా’ అని కనబడితే ముందు అడగాల్సింది అది పాతదా, మళ్లీ తయారుచేసినదా అని. ఆబు రీళ్ల ఫుట్ (రీలును రాడ్‌కు బిగించే పాదం) మీద ఆరంకెల కోడ్ ఉంటే మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండు నెల. 780300 అని ఉంటే 1978 మార్చి అన్నమాట. ఆ కోడ్ కనబడే ఫొటో పెట్టని ప్రకటనను నమ్మి పెద్ద మొత్తం పెట్టకండి.

అమ్మేవాళ్లు రీలును అందంగా కనబడే వైపు నుంచే ఫొటో తీస్తారు. మనకు కావలసింది రెండో వైపు. ముందుగా ఫుట్ అడుగు భాగం చూడాలి. రాడ్ సీటులో పట్టడం లేదని ఫుట్ అంచులను ఆకురాయితో అరగదీసిన రీళ్లు బోలెడు. రంగు పోయి అల్యూమినియం తెల్లగా మెరుస్తూ, చివర సన్నగా, ఒక పక్క వంకరగా ఉంటే అరగదీసినట్టే. చేపలు పట్టడానికి దానివల్ల ఇబ్బంది లేదు గానీ, సేకరించేవాళ్ల దగ్గర ధర సగానికి సగం పడిపోతుంది. దాన్ని సరిచేసే మార్గం కూడా లేదు. ఫుట్ మీదో, సైడ్ ప్లేటు మీదో పేరు, పొడి అక్షరాలు చెక్కి ఉంటే కూడా అంతే. ఎంత పాలిష్ పెట్టినా అవి పోవు, పోగొట్టాలని చూస్తే చుట్టూ గుంట పడుతుంది.

తర్వాత బెయిల్ మీద లైను తిరిగే చోటు. చాలా పాత రీళ్లలో అక్కడ తిరిగే రోలరే ఉండదు, కదలని లోహపు ముక్క ఉంటుంది. ఏళ్ల తరబడి లైను ఒకేచోట రాసుకుని అక్కడ గాడి పడుతుంది. కంటికి కనబడకపోయినా గోరుకు తగులుతుంది. గోరుకూ అనుమానంగా ఉంటే చిటికెడు దూదిని దాని మీద అటూ ఇటూ లాగండి. పోగు చిక్కుకుందంటే కొత్త లైను రెండు మూడు సార్లు వేసేసరికే పీచులు లేస్తుంది. గాడిని అరగదీసి నునుపు చేయొచ్చని అంటారు గానీ, పైనున్న గట్టి పూత పోతే లోపలి మెత్తని లోహంలో గాడి ఇంకా త్వరగా పడుతుంది. వేరే రీలు నుంచి తీసిన మంచి ముక్క వేయడమే దారి.

లైను చుట్టుకునే స్పూలు అంచు మీద చిన్న గీతలుంటే 1000, ఆపైన 2000 నంబరు వాటర్ పేపర్‌ను తడిపి అంచు చుట్టూరా ఒకే దిశలో లాగితే పోతాయి. క్రోమ్ పెచ్చులు లేస్తే మాత్రం ఆ స్పూలు పనికిరాదు. మిచెల్ 300 పెట్టెలో రెండు స్పూళ్లతో వచ్చేది, ఒకటి లోతుగా, ఒకటి తక్కువ లోతుగా. రెండూ ఉంటే ధర బాగా తేడా వస్తుంది. అలాగే పెట్టె, కాగితాలు, చిన్న రెంచి, నూనె ట్యూబు. ఇవన్నీ ఉన్న రీలును విప్పకుండానే అమ్మినా ఒక్కోసారి ఎక్కువ వస్తుంది.

రీలు చేతికి వచ్చాక హ్యాండిల్‌ను చాలా నెమ్మదిగా తిప్పాలి. వేగంగా తిప్పితే అన్ని రీళ్లూ బాగున్నట్టే ఉంటాయి. మొత్తం బరువుగా, పిండిలో తిప్పుతున్నట్టు ఉంటే గ్రీజు ఎండిపోయింది, కంగారు లేదు. ఎక్కడో ఒకచోట టక్కుమంటుంటే లెక్క పెట్టండి. హ్యాండిల్ చుట్టుకు ఒక్కసారే వస్తే పెద్ద గేరు పన్ను విరిగిందో, పళ్ల మధ్య ఏదైనా ఇరుక్కుందో. రోటర్ (బెయిల్‌ను మోస్తూ స్పూలు చుట్టూ తిరిగే భాగం) చుట్టుకొకసారి వస్తే పినియన్ అనే చిన్న గేరులోనో, రోటర్‌లోనో తేడా. స్పూలు పైకి కిందికి కదులుతున్నప్పుడు పట్టేసినట్టయితే స్పూలును మోసే కడ్డీ, అంటే మెయిన్ షాఫ్ట్ వంగి ఉండొచ్చు. స్పూలుకూ రోటర్‌కూ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉందో లేదో వెలుగుకు ఎదురుగా పెట్టి చూస్తే తెలిసిపోతుంది. వంగిన షాఫ్ట్‌ను సుత్తితో సరిచేయబోతే ఇంకోచోట వంగుతుంది. దాన్ని మార్చాల్సిందే.

వర్మ్ గేరు (స్క్రూలాంటి మర, పళ్ల చక్రం కలిసి తిరిగే గేరు) ఉన్న రీళ్లు, అంటే కార్డినళ్లు, జర్మనీ డామ్ కంపెనీ క్విక్ ఫినెస్సాలు, తిప్పితే వెన్నలా ఉంటాయి. అందుకే వాటిలో అరుగుదల చేతికి ఆలస్యంగా తెలుస్తుంది. సైడ్ ప్లేటు తీసి పాత గ్రీజును కొంచెం తెల్ల కాగితం మీద రాసి, వెలుగులో పక్కకు వంచి చూడండి. ఒట్టి గోధుమరంగు మరక అయితే సరే. అందులో బంగారు రజను లాంటి మెరుపులు కనబడితే అది కంచు చక్రం అరిగిన పొడి. కాస్త రజను ఉండటం మామూలే. మరక మొత్తం మిలమిలలాడుతుంటే పళ్లు పల్చబడినట్టు. రోటర్‌ను ఒక చేత్తో కదలకుండా పట్టుకుని హ్యాండిల్‌ను అటూ ఇటూ ఆడిస్తే ఎంత వదులుందో అప్పుడు అర్థమవుతుంది.

ఇంకో చిక్కు అతుకుల రీళ్లు. ఒకదాని బాడీ, ఇంకోదాని రోటర్, మూడోదాని హ్యాండిల్. పనిలో తేడా ఉండకపోవచ్చు, ధరలో మాత్రం ఉంటుంది. బాడీ నలుపుకూ రోటర్ నలుపుకూ మెరుపులో తేడా ఉందేమో, ఒకచోట గీతలుండి పక్క ముక్క కొత్తగా ఉందేమో, స్క్రూ తలల మీద చెక్కుకుపోయిన గుర్తులున్నాయేమో చూడాలి. మోడల్ నంబరును కూడా సరిగ్గా చదవాలి. మిచెల్ 300కు హ్యాండిల్ ఎడమ పక్క, 301కి కుడి పక్క. 308-309, 408-409 కూడా ఇదే వరస. ప్రకటనలో 300 అని రాసి ఫొటోలో 301 పెట్టేవాళ్లు తరచూ కనబడతారు. అది మోసం అయి ఉండదు, తెలియకపోవడమే. తెలిసినవాడికి అది ఒక్కోసారి బేరం కూడా.

ఇక విప్పడం. ఒక్కో ముక్క తీసే ముందు ఒక్కో ఫొటో తీయాలి, వరసగా ట్రేలో పెట్టాలి. ముఖ్యంగా డ్రాగ్ (చేప లాగినప్పుడు లైనును బిగువుగా వదిలే బ్రేకు) వాషర్లను తీగకు గుచ్చి ఉంచితే వరస తప్పదు. స్క్రూ గాడి వెడల్పు, మందం రెండింటికీ సరిపోయే స్క్రూడ్రైవరే వాడాలి. కొన సన్నబడుతూ వచ్చే మామూలు స్క్రూడ్రైవర్ గాడిలోంచి పైకి జారుతుంది, తల చెడుతుంది, ఆ తల చూసే కొనేవాడు బేరం మొదలుపెడతాడు. ఉప్పునీటిలో వాడిన రీళ్లలో స్టీలు స్క్రూకూ అల్యూమినియం బాడీకీ మధ్య తెల్లని పొడి పేరుకుని బిగుసుకుపోతుంది. అలాంటిదాన్ని బలంతో తిప్పితే తల తెగిపోతుంది. పెనిట్రేటింగ్ ఆయిల్ ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున తుడిచి, సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచి, చల్లారాక మళ్లీ ఒక చుక్క వేయండి. ముందు బిగించే వైపు కొంచెం కదిపి, తర్వాత విప్పే వైపు తిప్పాలి. రోటర్ నట్టు కదలకపోతే బలం పెంచే ముందు మరను ఒకసారి పరిశీలించండి. కొన్ని రీళ్లలో అది ఎదురు మర, మామూలు వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది.

లోహపు ముక్కలను కిరోసిన్‌లో రాత్రంతా నానబెడితే గట్టిపడ్డ గ్రీజు మెత్తబడుతుంది. టూత్‌బ్రష్‌తో రుద్ది, గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. ప్లాస్టిక్ పిడులు, స్టిక్కర్లు, రంగు అక్షరాలున్న ముక్కలను కిరోసిన్‌లో వేయకండి. స్పిరిట్ తగిలితే పాత అక్షరాలు దూదికి అంటుకుని వచ్చేస్తాయి. వాటిని తడిగుడ్డతో మాత్రమే తుడవాలి. వెనిగర్‌లో నానబెట్టమనే సలహా తరచూ వినబడుతుంది. అల్యూమినియం మీద అది మచ్చలు తెస్తుంది. అమ్మోనియా ఉన్న ద్రావణాలు ఇత్తడి, కంచు ముక్కలకు హాని చేస్తాయి.

బయట రంగు జోలికి పోవద్దు. ఈ పనిలో డబ్బు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. గీతలు పడిన అసలు రంగున్న రీలుకు, అద్దంలా మెరిసే కొత్త రంగున్న రీలుకంటే సేకరించేవాళ్లు ఎక్కువ ఇస్తారు. శుభ్రం చేసి, కారుకు పెట్టే మైనం పలుచగా పూసి, మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. మెటల్ పాలిష్ క్రోమ్ మీద ఫర్వాలేదు, రంగు మీదా అల్యూమినియంపై ఉండే యానడైజింగ్ పూత మీదా వద్దు. తెల్లని మెలమైన్ స్పాంజి మెత్తగా కనబడుతుంది గానీ అదీ సన్నని ఉప్పుకాగితమే, మెరుపును తినేస్తుంది.

డ్రాగ్ విషయంలో ఒక్క సూత్రం అర్థమైతే సగం ఫిర్యాదులు పోతాయి. వాషర్లలో రెండు రకాల లోహపు బిళ్లలుంటాయి. అంచున చెవులున్నవి స్పూలుతో పాటు తిరుగుతాయి. మధ్య రంధ్రం ఒక వైపు చదునుగా ఉన్నవి షాఫ్ట్‌కు పట్టుకుని ఆగి ఉంటాయి. వాటి మధ్య ఫెల్ట్, తోలు, టెఫ్లాన్ లేదా కార్బన్ వాషర్ రావాలి. వరస తప్పి ఒకే రకం బిళ్లలు రెండు పక్కపక్కన పడితే ఆ జంట మధ్య రాపిడే ఉండదు, డ్రాగ్ గుండీ ఎంత బిగించినా సరిగా పట్టదు. ఫెల్ట్, తోలు వాషర్లు ఎండిపోతే గట్టిపడి ఉలిక్కిపడ్డట్టు వదులుతాయి. వాటికి కొంచెం నూనె ఇంకాలి. కార్బన్ వాషర్లకు డ్రాగ్ గ్రీజు పలుచని పొర సరిపోతుంది. పరీక్షించడానికి చిన్న స్ప్రింగ్ త్రాసు కావాలి. లైనుకు కట్టి నెమ్మదిగా లాగి, స్పూలు కదలడం మొదలైనప్పటి అంకె, కదులుతున్నప్పటి అంకె రాసుకోండి. ఒక కిలో దగ్గర కదిలేలా బిగించినప్పుడు తర్వాతి అంకె 900 గ్రాముల దగ్గరుంటే మంచి డ్రాగ్. సగానికి పడిపోతే వాషర్ అంటుకుంటోంది, పెద్ద చేప మొదటి పరుగులోనే లైను తెగుతుంది.

బెయిల్ మూసుకోకపోతే చాలామంది తిన్నగా స్ప్రింగ్ మారుస్తారు. అది చివరి పని. ముందు ఇరుసుల్లోని ఎండిన గ్రీజు తీయాలి, తర్వాత బెయిల్ తీగ వంగిందేమో చూడాలి. రెండు చివర్లూ ఒకే తలంలో లేకపోతే ఎంత మంచి స్ప్రింగ్ అయినా మధ్యలోనే ఆగిపోతుంది. స్ప్రింగ్ తీసేటప్పుడు రీలును పారదర్శకమైన సంచిలో పెట్టి చేతులు లోపలికి పోనిచ్చి విప్పండి. ఆ స్ప్రింగ్ ఎగిరిందంటే గదంతా వెదికినా దొరకదు. బిగించాక ఒకటి రెండు సార్లు కాదు, హ్యాండిల్ తిప్పి కనీసం ఇరవై సార్లు మూసి చూడాలి. ఒక్కసారి ఆగినా మళ్లీ విప్పాల్సిందే. సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్లలో ఈ తలనొప్పి వద్దనుకునేవాళ్లు బెయిలే లేని పెన్ కంపెనీ 706జెడ్ కోసం వెదుకుతారు. విసిరే ఊపులో మూసుకుపోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

పెన్ అన్నాను కాబట్టి విడిభాగాల మాట. ఫిలడెల్ఫియాలో తయారైన ఆ రీళ్ల సౌలభ్యమంతా నంబర్ల పద్ధతిలో ఉంది. ముక్క నంబరు, గీత, మోడల్ నంబరు. ఒక ముక్క చాలా మోడళ్లకు సరిపోతే అది మొదట వచ్చిన మోడల్ నంబరే దానికి ఉండిపోతుంది. అందుకే మీ రీలు నంబరు లేని ముక్క కూడా మీ రీలుకు సరైనదే కావచ్చు, విడిభాగాల పటం చూసి నిర్ధారించుకోవాలి. మిచెల్‌కు పద్ధతి వేరు. బాడీ పాడై, గేర్లు బాగున్న రీలును ముక్కల కోసమే చవకగా కొని ఉంచుకోవడం మేలు. అందులోని హ్యాండిల్, స్పూలు, బెయిల్ విడివిడిగా అమ్మితే కొన్న డబ్బు తిరిగి రావడం అరుదేమీ కాదు.

గ్రీజు తక్కువే మంచిది. గేరు పళ్ల మీద పలుచని పొర, పళ్ల మధ్య ఖాళీ నిండకూడదు. గేర్లున్న బాడీ నిండా కూరితే చలికి గట్టిపడి హ్యాండిల్ బరువెక్కుతుంది, వేడికి కరిగి షాఫ్ట్ వెంట స్పూలులోకి చేరి డ్రాగ్‌ను పాడుచేస్తుంది. బేరింగుకు, హ్యాండిల్ పిడికి, తిరిగే రోలర్‌కు ఒక్కో చుక్క నూనె. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే యాంటీ రివర్స్ కొక్కేనికి, దాని చిన్న స్ప్రింగ్‌కు గ్రీజు అసలు వద్దు. జిగటకు కొక్కెం పళ్ల మీద పడదు, చేప లాగగానే హ్యాండిల్ వెనక్కి తిరిగి వేళ్లకు తగులుతుంది. వాహనాల గేరు ఆయిల్ కూడా వద్దు. కొన్నిటిలోని గంధకం కంచు, ఇత్తడి గేర్లను నల్లబరుస్తుంది.

ఇదంతా చేసే శ్రమకు లెక్క కుదరాలంటే కొనేటప్పుడే కుదరాలి. అడిగే ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. ఈబే లాంటి చోట్ల వాటిని విడిగా చూడొచ్చు. మీ రీలు మంచి స్థితిలో వందకు అమ్ముడవుతుందనుకోండి. సైటు, చెల్లింపుల రుసుము కింద పన్నెండు నుంచి పదిహేను పోతాయి. ముక్కలకు, గ్రీజుకు ఓ పది, ప్యాకింగుకు ఓ ఐదు. పోస్టేజీ కొనేవాడు పెట్టుకున్నా సరే, రీలుకు నలభైకి మించి పెడితే మీ రెండు మూడు గంటల పనికి మిగిలేది మహా అయితే ముప్పై చిల్లరే. మామూలు మిచెల్ 300 ఈ లెక్కలో తరచూ ఓడిపోతుంది. దాన్ని పని నేర్చుకోవడానికో, ముక్కల కోసమో కొనండి. కార్డినల్ 3, పెన్ 716జెడ్ లాంటి చిన్న రీళ్లకు గిరాకీ నిలకడగా ఉంటుంది. 1905లో పేటెంటు పొందిన ఇల్లింగ్‌వర్త్ తరహా రీళ్లు, 1930లలో వచ్చిన హార్డీ ఆల్టెక్స్ మొదటి రకాలు చేతికి వస్తే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. దుమ్ము కూడా తుడవకుండా వేలం వాళ్లకు చూపించడం మంచిది.

ప్రకటనలో ‘రిస్టోర్ చేసినది’ అన్న మాట చాలా బరువైనది. శుభ్రం చేసి గ్రీజు పెడితే ‘సర్వీసు చేసినది’ అనే రాయాలి. ఏ ముక్కలు మార్చారో, వాటిలో ఏవి అసలువి, ఏవి కొత్తగా చేసినవి, ఎక్కడైనా రంగు తాకించారా, విడిగా చెప్పాలి. ఫుట్ అడుగు, స్పూలు అంచు, బెయిల్ రోలర్, సీరియల్ నంబరు, సైడ్ ప్లేటు తీసిన లోపలి భాగం, ఇవి పగటి వెలుగులో తీసిన ఫొటోలు. వాటితో పాటు హ్యాండిల్ నెమ్మదిగా తిప్పుతూ శబ్దం వినబడే పది సెకన్ల వీడియో. హ్యాండిల్ ఏ పక్కో మాటల్లో కూడా రాయండి. లోపం కనబడేలా ఫొటో పెడితే ధర కొంత తగ్గుతుందేమో గానీ, వెనక్కి వచ్చిన పార్శిల్ ఖర్చుతో పోలిస్తే అది చిన్నది.

పంపే ముందు డ్రాగ్ పూర్తిగా వదులు చేయాలి, లేకపోతే వాషర్లు అణిగిపోయి ఉంటాయి. హ్యాండిల్ ఊడదీసి విడిగా చుట్టండి, స్పూలును కూడా అంతే. టేపును రంగుకు తగలనివ్వకండి, ముందు మెత్తని కాగితం, దాని మీద బబుల్ షీటు. అట్టపెట్టెను చీల్చుకుని బయటికి వచ్చేది ఎప్పుడూ ఫుటే, దానికి మడిచిన అట్ట ముక్క విడిగా కట్టి, ఆ పెట్టెను చుట్టూ ఐదు సెంటీమీటర్ల ఖాళీ ఉండే ఇంకో పెట్టెలో కాగితాలు గట్టిగా కూరి పెట్టండి. ఊపితే లోపల ఏ శబ్దమూ రాకూడదు.